విదిలించని థర్మామీటర్

నేనొకప్పుడు ఒక రాయికి లేని జ్వరం తెప్పించాను. తెప్పించడమే కాదు, ఆ జ్వరం ఇంత అని అంకె వేసి, కింద సంతకం పెట్టి, పై అధికారి చేత లడ్డూలు కూడా పంచిపెట్టించాను. మనుషులకు లేని రోగాలు అంటగట్టేవాళ్లను చూశాను గాని, రాయికి అంటగట్టిన ఘనత, నాకు తెలిసినంతలో, నా ఒక్కడిదే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సి రావడానికి కారణం ఒక తాపీమేస్త్రి.

ఈ వేసవిలో సైనిక్‌పురిలో మా ఇంటి వెనక వరండాకి బండలు మార్పిస్తున్నాం. మేస్త్రి తన రసమట్టాన్ని బండ మీద పెట్టి చూస్తున్నాడు. అదేనండీ, గాజుగొట్టంలో పచ్చటి నీళ్లూ, అందులో ఒక బుడగా ఉండి, నేల సమంగా ఉందో లేదో చెప్పే పట్టీ. మిట్టమధ్యాహ్నం. ఆయన కళ్లు చిట్లించి, "పొద్దుగాల జెర పెద్దగ ఉండె. ఎండకు బుడగ సన్నగైంది జూడు" అన్నాడు, నాతో కాదు, బండతో.

నా చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. సరిగ్గా ఇదే మాట, ఇదే యాసలో, ఇలాంటి రసమట్టమే చేత్తో పట్టుకుని ఒకాయన నాకు చెప్పాడు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఉండి ఉంటే ఈ మేస్త్రికి అక్కడికక్కడే ఉద్యోగం ఇప్పించేవాడు. నా స్థానంలో.

ఊరు ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజులవి. అమీర్‌పేటలో ప్రతి మేడకీ, ప్రతి అంతస్తుకీ ఒక కోర్సు వేలాడుతుండేది. నాతో భూగర్భశాస్త్రం చదివినవాళ్లు ముగ్గురు జావా నేర్చుకుని మాదాపూర్ వైపు అద్దాల మేడలెక్కారు. నేనూ చేరాను. రెండు నెలలు వెళ్లి, జావగారిపోయి తిరిగొచ్చాను. విజయనగరం నుంచి మా పెదనాన్న ఫోన్ చేసి, "అక్కడందరూ సాఫ్టువేరంట గదరా, నువ్వేటి సేస్తన్నావు?" అని అడిగితే "హార్డువేరు పెదనాన్నా" అన్నాను. అబద్ధమేమీ కాదు. రాళ్లకన్నా హార్డు ఇంకేముంటుంది?

మా ఆఫీసు రాంగోపాల్‌పేటలో, ఒక టైర్ల కొట్టు పక్క సందులో ఉండేది. భూమి పొట్టలో వేడి ఎక్కడుందో వెతకడం మా పని. అడవుల్లో వేడినీటి బుగ్గలున్న చోట బోరు వేసి, లోపలి నుంచి తీసిన రాతికడ్డీలు మాకు పంపేవారు. ఆ రాళ్ల సందుల్లో ఒకప్పుడు నీళ్లు ఎంత వేడి మీద తిరిగాయో, ఇప్పుడు వేడెక్కుతున్నాయో చల్లారుతున్నాయో మేము చెప్పాలి. నిజంగా వేడి ఉంటే దాంతో కరెంటు తీయొచ్చు. లేకపోతే స్నానం చేయొచ్చు.

మేస్త్రి మాట గుర్తు చేసిన ఆ పెద్దమనిషి అక్కడ మా దగ్గర రాళ్లు కోసేవాడు. మాటకి కోయడం అంటున్నాను గాని, అది కంసాలి పని. రాతికడ్డీలోంచి ముక్క తీసి, రెండు వైపులా అరగదీసి, మెరుగుపెట్టి, వెలుతురు ఇటునుంచి అటు పోయేటంత పల్చటి పలకగా చేసి మాకు ఇచ్చేవాడు. ఆ పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి పెద్ద పెద్ద మాటలు రాయడం మా అధికారుల పని. ఆయన పలకలు లేకపోతే మేము రాయలేం. మా రాతలు లేకపోతే ఆయనకి ఏ లోటూ లేదు.

మనిషి పొట్టి. ప్యాంటు మోకాళ్ల దాకా ఎప్పుడూ తడిసే ఉండేది, అరగదీసే చక్రం మీద నీళ్లు పారాలి కనక. పలకని అరగదీస్తూ అరగదీస్తూ ఆపి, కింది పెదవికి ఆనించి చూసేవాడు. వేడి తగిలిందా, "ఆగు బిడ్డా, పరేషాన్ గాకు" అని దాన్ని నీళ్లలో వేసి, తనూ ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. అది చల్లబడేదాకా ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు. చాయ్ కూడా అంతే. సాసర్‌లో పోసి, పెదవికి ఆనించి, పక్కన పెట్టి, పూర్తిగా చల్లారాక తాగేవాడు. అది చాయా, చాయ్ జ్ఞాపకమా అని నేనొకసారి అడిగాను. "వేడి మీద ఏదీ ముట్టొద్దు సార్. పలకైనా, పెండ్లామైనా, డైరెక్టరైనా" అన్నాడు.

హోదాకి నేను ఆయన పై అధికారిని. అందుకని సార్ అనేవాడు. ఆ సార్ అనడంలో మూడు రకాలుండేవి. గబుక్కున అంటే గౌరవం. సాగదీసి అంటే జాలి. మాట మొదట్లోనే అంటే నేనేదో తప్పు చేశానని అర్థం. నాకు మొదటి రకం మొత్తం మీద రెండు మూడుసార్లు దక్కింది. అందులో ఒకటి నా పెళ్లిరోజున. నేను ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాణ్ని, మా వైపు అలవాటు. మొదటిసారి పిలిచినప్పుడు వెనక్కి తిరిగి చూసి, "నన్నేనా? బడి సుత సక్కగ పోలే సార్ నేను" అన్నాడు. కాని ఆ తర్వాత మరొకలా పిలిస్తే పలికేవాడు కాదు.

ఆయన బల్ల మీద రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి వాళ్ల నాన్నది, పాత ఇత్తడి రసమట్టం. బన్సీలాల్‌పేటలో సగం గోడలు మా నాయన కట్టినవే అనేవాడు. మిగతా సగం ఎందుకు వంకరున్నాయో కూడా చెప్పేవాడు. రోజూ పొద్దున్నే దాన్ని నా సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టి, బుడగ మధ్యకొచ్చిందాకా బల్లకాలి కింద కాగితం మడతలు పెట్టేవాడు. రెండోది ఒక బిస్కెట్ల రేకుడబ్బా. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను చేరిన కొత్తలో, మే నెలలో ఒక మధ్యాహ్నం, ఆయన ఆ రసమట్టం పట్టుకుని నన్ను మేడమీదికి రమ్మన్నాడు. ఎండలో బండ మీద పెట్టాడు. ఇద్దరం ఎండలో నిలబడి బుడగని చూస్తున్నాం. కింద సందులో టైర్ల కొట్టువాడు మమ్మల్ని చూస్తున్నాడు.

"జూడు సార్. ఎండకు బుడగ సన్నగైంది. ఎందుకు?"

"నీళ్లు వేడెక్కి పెరిగాయి మాస్టారూ. గాజుగొట్టం అంతగా పెరగదు. బుడగకి చోటు తగ్గింది."

"ఇంకా వేడి పెడితే?"

"ఇంకా చిన్నదవుతుంది."

"ఇంకా పెడితే?"

"మాయమవుతుంది."

"అయిపాయె. గిదే నీ ఉద్యోగం. గింత దానికి గన్ని పుస్తకాలెందుకో" అని రసమట్టం చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

నిజంగానే అంతే. భూమి లోపల వేడినీళ్లలో స్ఫటికం పెరుగుతున్నప్పుడు, ఆ నీళ్లనే రవ్వంత పొట్టలో దాచుకుని చుట్టూ గోడ కట్టేసుకుంటుంది. వెంట్రుకలో పదో వంతు ఉండే గది. తలుపు మూసిన క్షణాన గది నిండా వేడినీళ్లే. తర్వాత ఎప్పుడో చల్లారితే నీళ్లు ముడుచుకుంటాయి, గది ముడుచుకోదు. ఆ ఖాళీలో బుడగ పుడుతుంది. మనం ఆ పలకని సూక్ష్మదర్శినికి బిగించిన చిన్న పొయ్యి మీద మెల్లగా వేడి చేసుకుంటూ పోతే బుడగ సన్నబడి సన్నబడి, ఒక అంకె దగ్గర ఠక్కున మాయమవుతుంది. స్ఫటికం తలుపు మూసుకున్న వేడి దాదాపు అదే. స్ఫటికం లోపలి పొరల్లో ఒక అంకె, బయటి పొరల్లో ఇంకో అంకె వస్తే, ఆ నేల వేడెక్కిందో చల్లారిందో కూడా తెలిసిపోతుంది. ఆ రోజుల్లో ఊరంతా ఇంకో రకం బుడగ, సాఫ్టువేరు షేర్ల బుడగ, గురించి మాట్లాడుకునేది. వాళ్ల బుడగ పోతే ఏడుపు, మా బుడగ పోతే సంబరం.

ఇందులో ఒక మెలిక ఉంది. అది కూడా ఆయనే చెప్పాడు, నాకు ఫ్లూ వచ్చి తగ్గి ఆఫీసుకెళ్లిన రోజున.

"నిన్న నీకు జొరముండె. థర్మామీటర్ నోట్లె పెట్టినవ్, పాదరసం ఎక్కింది. ఇయ్యాల జొరం దిగింది. పాదరసం దిగిందా?"

"లేదు. విదిలిస్తేనే దిగుతుంది."

"మరి రాయిని ఎవడు విదిలించిండు సార్? దాంట్ల ఉన్న జొరం నిన్నటిదా, లక్ష ఏండ్ల కిందటిదా? రాయి అబద్ధం జెప్పది. కాని పాత ముచ్చట జెప్తది. గది ఇనుకుంట కూసుంటె ఉత్త జాగల బోరు తవ్వుతరు."

ఇప్పుడు రేకుడబ్బా. ఆయన తయారు చేసిన ప్రతి పలకనీ, మాకు ఇచ్చే ముందు, బొటనవేళ్లతో టుక్కున రెండుగా విరిచేవాడు. సగం మాకు. సగం అగ్గిపెట్టెలో పెట్టి, మీద పెన్సిల్‌తో ఏదో గీకి, డబ్బాలో వేసేవాడు. రోజంతా అరగదీసిన పలకని అలా విరుస్తుంటే నా ప్రాణం చివుక్కుమనేది.

"ఎందుకు మాస్టారూ ఆ సగం?"

"ఆకలైతది సార్. సాయంత్రం తింట."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. డైరెక్టరు గారు అడిగినా అదే.

డైరెక్టరు గారికి వేడంటే మహా ఇష్టం. కొత్త పలక రాగానే క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది?" అంటూ తిరిగేవారు. నూట యాభై అంటే మొహం వాడిపోయేది, నా చేతకానితనం వల్ల రాయి ఔటైపోయినట్టు. అప్పటికి నా ప్రొబేషన్ ముగియడానికి రెండు నెలలుంది. ఉద్యోగం ఖాయమవ్వాలంటే నా సొంతంగా ఒక నివేదిక ఇవ్వాలి. గోదావరి అవతల అడవిలో ఒక బుగ్గ పక్కన వేసిన బోరు తాలూకు రాళ్లు నాకు అప్పగించారు. "చూడు, ఇది బాగా వేడిగా వస్తే పక్కనే రెండో బోరు వేస్తారు. మిషను రెడీగా ఉంది. నీ కన్ఫర్మేషన్ కూడా" అన్నారు. ఆ వాక్యంలో రాయికీ నాకూ మధ్య పెద్ద తేడా లేదు.

మాస్టారు పలక ఇస్తూ ఒకే ముక్క చెప్పాడు. "కాల్సైట్ సార్. మెత్తది. కింది మెట్టు సంది ఎక్కు. ఐదు డిగ్రీలు, ఆగు. ఐదు డిగ్రీలు, ఆగు. ఒక్కసారే ఉరుకకు."

నేను ఉరికాను.

ఎందుకంటే ఏం చెప్పను? ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ రెండు రోజులు కూర్చోవడం విసుగనిపించింది. ముందొకసారి సినిమా మొత్తం చూసేద్దాం, తర్వాత మళ్లీ మొదటినుంచి కొలుద్దాం అనుకున్నాను. వేడి మీట తిప్పి ఒక్క ఊపులో మూడు వందల ఇరవై దాకా పోనిచ్చాను. అద్భుతం. పెళ్లిపందిట్లో భోజనాల పిలుపు వినగానే చుట్టాలు మాయమైనట్టు బుడగలన్నీ మాయం. మళ్లీ చల్లార్చాను. తిరిగొచ్చాయి. అంతకుముందుకన్నా కాస్త పెద్దవిగా కనపడ్డాయి. పుంజుకున్నాయి పాపం అనుకున్నాను. అప్పుడు బుద్ధిమంతుడిలా కింది మెట్టు నుంచి ఐదేసి డిగ్రీలు ఎక్కుతూ కొలిచాను.

రెండు వందల ఎనభై!

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "టూ ఎయిటీ? ఆర్ యూ ష్యూర్? బ్రహ్మాండమయ్యా!" అన్నారు. గంటలో లడ్డూలు వచ్చాయి. బోరు తవ్వేవాళ్లకి ఫోన్లు వెళ్లాయి. సోమవారం వాళ్లు వస్తారు, ఆ రోజు నేనే అందరి ముందూ మాట్లాడాలి. నేను మా పెదనాన్నకి ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమైందని చెప్పేశాను.

లడ్డూ ఇవ్వబోతే మాస్టారు తీసుకోలేదు. "షుగర్ సార్" అన్నాడు.

ఆయనకి షుగర్ లేదు. డైరెక్టరు గారి అమ్మాయి పుట్టినరోజుకి మూడు మైసూర్‌పాకులు తినడం నేను చూశాను.

అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, సూక్ష్మదర్శినిలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"సార్, ఇది ఎన్నిసార్లు వేడి పెట్టినవ్?"

సార్ మాట మొదట్లోకి వచ్చింది.

"ఒక్కసారే మాస్టారూ."

తలెత్తి నా వైపు చూశాడు, బన్సీలాల్‌పేటలో వంకర గోడల గురించి చెప్పేటప్పుడు చూసినట్టు.

"రెండుసార్లు," అన్నాను.

"మొదటిసారి ఎంత దాక?"

చెప్పాను.

"గీడ జూడు. నీ బుడగ పక్కన్నే, గదే కాల్సైట్ పొట్టల తెల్లగ సూదులున్నయి. కనవడ్తున్నయా? గవి జియోలైట్. తక్కువ వేడిలనే పుడతయి, సల్లని మనుషులు. రెండొందల ఎనభైల గవి బతుకయి సార్. ఎన్నడో మారి ఇంకోటి అయిపోతుండె. ఒక్క రూములనే ఉన్నరు ఇద్దరు. నీ బుడగ సెమట కక్కుతున్నది. పక్కన సూదులు దుప్పటి కప్పుకున్నయి. ఇద్దర్ల ఎవడు అబద్ధం?"

అప్పుడర్థమైంది. కాల్సైట్ మెత్తటి ఖనిజం. నేను ఒక్కసారిగా అంత వేడి పెట్టేసరికి లోపలి నీళ్లు ఉబ్బి, గోడల్ని తన్ని, గదిని సాగదీశాయి. గది పెద్దదైంది, చల్లారాక బుడగా పెద్దదైంది. పెద్ద బుడగ మాయమవడానికి పెద్ద వేడి కావాలి. నేను కొలిచింది రాయి జ్వరాన్ని కాదు. నేను పెట్టిన సెగని.

పలక మొత్తం పాడైంది. సోమవారం మీటింగు. లడ్డూలు అరిగిపోయాయి. సిగ్గు లేకుండా ఒక మాట అడిగాను. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి, ఐదేసి డిగ్రీలు కాదు, ఒక్క ఊపులోనే.

"ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

"ఎవ్వనికీ ఎర్కకాదు సార్" అన్నాడు నెమ్మదిగా, సాగదీసి. "రెండో బోరు తవ్వినంక అందరికీ ఎర్కైతది. అప్పటికి నీ ఉద్యోగం పక్కా అయితది. బేఫికర్."

"మీరు చెబుతారా?"

"నేనెందుకు జెప్త? సంతకం నీది."

వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లి, రేకుడబ్బా తెచ్చాడు. అందులోంచి ఒక అగ్గిపెట్టె తీసి నా బల్ల మీద పెట్టాడు. లోపల దూదిలో, నేను పాడు చేసిన పలక తాలూకు రెండో సగం. చల్లగా, కన్నెగా.

"ఆకలైతదని దాచిన. నీకే అయింది" అన్నాడు.

శనివారం ఒక రోజు, ఆదివారం ఒక రోజు, పొద్దున ఎనిమిదింటి నుంచి పొద్దుగూకే దాకా కొలిచాను. ఐదు డిగ్రీలు, ఆగు. ఐదు డిగ్రీలు, ఆగు. ఆయన ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చున్నాడు, చల్లటి చాయ్ తాగుతూ. నేను మీట మీద చెయ్యి వేసినప్పుడల్లా దగ్గేవాడు. స్ఫటికం లోపలి పొరలో, సూదులు లేని చోట, రెండు వందల పది దగ్గర బుడగ పోయింది. బయటి పొరలో, సూదులున్న చోట, నూట ముప్ఫై. ఆ నేల ఒకప్పుడు బాగా వేడి. తర్వాత చల్లారుతూ వచ్చింది. పలకలో అంచు అంచుకీ ఆ దిగడం కనపడుతోంది, మెట్లలాగ.

సోమవారం లేచి నిలబడి, ముందు నా అంకె తప్పని చెప్పాను. ఎలా తప్పిందో చెప్పాను. డైరెక్టరు గారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "లడ్డూలు తిన్నాం కదయ్యా!"

బోరు తవ్వేవాళ్లలో పెద్దాయన మాత్రం తెరిపిన పడ్డట్టు వెనక్కి వాలాడు. "మా బోరు అడుగున తొంభై అయిదే చూపిస్తోందండీ. మీ రెండొందల ఎనభై వినగానే మా థర్మామీటరు పాడైందనుకుని పారేయించాను. కొత్తది తెప్పించాను. అదీ తొంభై అయిదే అంటోంది. దాన్ని కూడా పారేద్దామనుకుంటున్నాం" అన్నాడు.

రెండో బోరు అక్కడ వేయలేదు. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. పెదనాన్నకి మళ్లీ ఫోన్ చేసి, ఖాయమైన ఉద్యోగం మళ్లీ ఖాయం కావాలని చెప్పాను. "ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టాలేటిరా?" అన్నాడాయన, భూగర్భశాస్త్రం చదవకపోయినా. ఆరు నెలల తర్వాత నిజంగానే ఖాయమైంది. అంతటితో కథ ముగిస్తే మాస్టారు దేవుడైపోయేవాడు. ముగియనివ్వలేదు.

ఆ సోమవారం మర్నాటి నుంచే నా పేరు మారింది. నేను మెట్లెక్కి వస్తుంటే లోపలినుంచి, "రెండొందల ఎనభై సార్ వచ్చిండు, బుడగలు జాగ్రత్త" అని కేక. కొత్తగా ఎవరు చేరినా ముందు నా దగ్గరికి తీసుకొచ్చి, "మా రెండొందల ఎనభై సార్. వేడి గురించి ఏమన్నా డౌటుంటే ఈయన్ని అడుగున్రి" అనేవాడు. నా పెళ్లికొచ్చి, మా మామగారికి నన్ను అదే పేరుతో పరిచయం చేశాడు. మామగారు అది ఏదో పరీక్షలో నా ర్యాంకనుకుని, బంధువులందరికీ చెప్పుకున్నారు. నేను వద్దనలేదు. మా అబ్బాయికి మొదటిసారి జ్వరమొచ్చి నేను సెలవు పెడితే, ఆఫీసు నుంచి ఫోన్. "పిల్లగానికి ఎంతున్నది?" నూట రెండు అన్నాను. "మళ్లొక్కసారి జూడు సార్. నువ్వు జూసినవ్ గదా, అందుకని."

పదవీ విరమణ రోజున కూడా వదల్లేదు. దండ వేయించుకుని, మైకు ముందు నిలబడి, ముప్ఫై ఏళ్ల నౌకరీ గురించి రెండంటే రెండు ముక్కలు చెప్పాడు. ఒకటి, చక్రం మీద నీళ్లు ఆపొద్దని. రెండోది నా కథ, మొదటినుంచి చివరిదాకా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కింద ఒక చిన్న గది, గదిలో రవ్వంత ఉడుకు నీళ్లు.

రసమట్టం ఇంటికి తీసుకెళ్లాడు. రేకుడబ్బా నా బల్ల మీద పెట్టి, "ఆకలైనప్పుడు తిను" అన్నాడు.

తర్వాత రెండేళ్లకి ఆఫీసుకి సున్నాలేయిస్తూ అలమారాలు జరిపించారు. డబ్బా జారి నేల మీద పడింది. అగ్గిపెట్టెలు గదంతా చెల్లాచెదురయ్యాయి. ఏరుతుంటే, అన్నిటికన్నా అడుగున ఉండాల్సింది, అంచులు నలిగిపోయిన పాతకాలపు అగ్గిపెట్టె ఒకటి దొరికింది. తెరిచాను. లోపల సగం పలక కాదు, పూర్తి పలక. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ప్రతి గదీ పగిలి, నల్లగా ఎండిపోయింది. అడుగున కాగితం ముక్క మీద పెన్సిల్‌తో, ఆయన చేతిరాత, ఇంకా కుదురుకోని కుర్రచేతిరాత: "కాల్సైట్. మొత్తం ఒక్కసారే వేడి పెట్టిన. 310. సగం తీయలే."

నవ్వొచ్చింది. సున్నాలు వేసేవాళ్లు పని ఆపి చూసేటంత నవ్వొచ్చింది. ఆయన నా పలకని చూసి క్షణంలో ఎలా పోల్చాడో తెలిసింది. విరవడం ఎందుకు మొదలుపెట్టాడో తెలిసింది. ఆ రోజుల్లో ఈయనకి కూడా ఒక సోమవారం ఉండే ఉంటుంది. ఆ సోమవారానికి ముందు, బల్ల మీద అగ్గిపెట్టె తెచ్చిపెట్టినవాడు ఎవడూ ఉండి ఉండడు. నవ్వు ఆగాక, డబ్బా మూత పెట్టి, కాసేపు దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

అయినా పగ పగే కదా. మరుసటి ఆదివారం మధ్యాహ్నం బన్సీలాల్‌పేట వెళ్లాను. అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాను.

తలుపు తీసింది వాళ్లావిడ. "రండి సార్. మూడొద్దుల సంది జొరం. నిన్న ఒక్కసారి పెట్టనిచ్చిండు, ఇయ్యాల ఎంతున్నదో సూస్తనంటె నోట్లె పెట్టనిస్తలేడు. మాట్లాడుడు బంద్ అయితదట. మీరన్న పెట్టున్రి. జెర నా చెవులకు సుత ఆరాం దొర్కుతది."

మంచం మీద రెండు దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. గోడకి ఆ రసమట్టం. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"ఏంది రెండొందల ఎనభై సార్! రాళ్లు ఒడిసినయా, మనుషుల మీద వడ్డవ్?"

గ్లాసులో ఉన్న థర్మామీటరు తీశాను. పాదరసం నూట రెండు మీద నిలబడి ఉంది.

"అది నిన్నటిది" అన్నాడు. "విదిలించు. నేర్పిన గదా."

విదిలించాను. కడిగి, ఆయన నాలుక కింద పెట్టి, పెదాలు మూయించాను. "మూడు నిమిషాలు నోరు తెరవొద్దన్నాడట డాక్టరు. పగిలితే పాదరసం లోపలికి పోతుంది" అన్నాను. ఆయన కళ్లతోనే సరేనన్నాడు.

అప్పుడు జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఒళ్లో పెట్టాను. ఆయన కళ్లు దాని మీద పడ్డాయి. పోల్చుకున్నాయి. గబుక్కున చెయ్యి దాని మీదికి వచ్చింది.

"సగమే తెచ్చాను మాస్టారూ" అన్నాను. "రెండో సగం ఆఫీసులో దాచాను. ఆకలవుతుందని."

చెయ్యి నోటి వైపు లేచింది, థర్మామీటరు తీసేయడానికి. వాళ్లావిడ ఆ చెయ్యి పట్టుకుంది. "ఏయ్, తియ్యకు! సార్ ఏందో జెప్తుండు, ఇను."

"ఎలా ఉన్నారు, మూడొందల పది గారూ?" అని మొదలుపెట్టాను. డబ్బా పడడం దగ్గర్నుంచి, కాగితం ముక్క దాకా, ఆయన నేర్పినట్టే కింది మెట్టు నుంచి ఎక్కాను. ఐదు డిగ్రీలు, ఆగాను. ఐదు డిగ్రీలు, ఆగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బుగ్గలు ఉబ్బాయి. భుజాలు కదిలాయి. కళ్ల చివర నీళ్లు నిలిచాయి. అది జ్వరమో, కోపమో, నవ్వో కొలిచే పరికరం నా దగ్గర లేదు. నోరు మాత్రం తెరవలేదు. పాపం, తెరవలేడు.

డాక్టరు మూడు నిమిషాలు చాలన్నాడు. నేను గడియారం చూసుకుంటూ ఎనిమిది నిమిషాలు ఉంచాను.